ఇరవై నత్తలు, ఆరు పీతలు

మార్చి ఆఖరులో ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ సత్యశ్రీ, "మీకో పని తెచ్చేను," అంది. రెండేళ్ళుగా ఆ మాట నాతో ఎవరూ అనలేదు. కంచంలోంచి తలెత్తి చూశాను.

నా భార్య అమలాపురంలో పిల్లల డాక్టరు కామేశ్వరరావు గారి ఆసుపత్రిలో మందుల కౌంటరు చూస్తుంది. మా రొయ్యల చెరువులు పోయాక చేరింది. పేషెంట్లు కూర్చునే హాల్లో గోడ పొడవునా ఒక అక్వేరియం ఉందని ఎప్పుడో చెప్పింది. మామూలు చేపల తొట్టి కాదట, సముద్రపు నీళ్ళతో పగడాలు పెంచేదట. చెన్నై నుంచి ఒకతను వచ్చి పెట్టాడు. ఏడాదిపాటు నెలకోసారి వచ్చి చూసుకున్నాడు. తరవాత ఫోను ఎత్తడం మానేశాడు.

"నాచు పట్టేసిందండీ. పగడాలు కనబడ్డం లేదు. జూన్‌లో బళ్ళు తెరిచేలోగా బాగుపడకపోతే పీకించేసి టీవీ పెట్టిస్తానంటున్నారు డాక్టరు గారు. మా ఆయన ఇరవయ్యేళ్ళు ఉప్పునీళ్ళల్లోనే బతికేరండీ అని చెప్పేసేను."

"ఎందుకు చెప్పేవు?"

"అబద్ధం చెప్పేనా?"

మజ్జిగ పోసుకున్నాను. "నీళ్ళు చూడమంటే చూస్తాను. ప్రాణమున్నది దేన్నీ ముట్టుకోను."

"ముట్టుకోకండి. ముట్టుకునే పని నేను చేస్తాను," అంది, అదేదో కూర తరిగే పని అయినట్టు.

మా వైపు చెరువులో రొయ్యపిల్ల వదిలే రోజున మొదటి ప్యాకెట్టు మంచి చెయ్యి ఉన్న మనిషితో విప్పిస్తారు. పదిహేనేళ్ళు ఆ చెయ్యి నాది. ఓడలరేవు నుంచి మామిడికుదురు దాకా నన్ను పిలిచేవారు. బంగారరాజు బాబాయి అయితే, "దుర్గాప్రసాదు రాలేదా? వచ్చేదాకా ప్యాకెట్లు దింపకండ్రా," అని బండిని గట్టు మీదే నిలబెట్టేసేవాడు. తరవాత నా చెరువుల్లో వరసగా మూడు పంటలు తెల్లమచ్చ తెగులుకి పోయాయి. మూడో ఏడు నేను ప్యాకెట్టు విప్పిన బాబాయి చెరువు కూడా పోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మర్యాదస్తులు. ఆ తరవాతి పంటకి పిలవలేదు, అంతే.

నేను డిగ్రీ చదివినవాణ్ణి. వైరస్ అంటే ఏమిటో తెలుసు. కానీ తెలిసిన సంగతి తలలో ఉంటుంది, నమ్మకం వేళ్ళలో ఉంటుంది. పక్కింటి కోడలు పసిబిడ్డను ఎత్తుకోమని చాపితే నా చేతులు వాటంతట అవే వెనక్కి పోయేవి. పెరట్లో మిరపమొక్కలకి నీళ్ళు పోయడం మానేశాను. సత్యశ్రీ ఇవన్నీ చూసింది. అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుందనీ, చెబితే అది నిజమైపోతుందనీ ఇద్దరికీ తెలుసు.

*

ఆసుపత్రికి మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాను. ఆ వేళకి జనం ఉండరు. చీటీలు ఇచ్చే ఇశ్రాయేలు నన్ను చూసి లేచాడు.

"రండి రండి. సత్యశ్రీ గారి ఆయనగారు మీరేనాండీ? అదిగోనండి మన గడ్డివాము," అంటూ తొట్టిని చూపించాడు.

నిజంగా గడ్డివామే. ఆరడుగుల గాజు వెనక పచ్చటి జుట్టు వేలాడుతోంది. రాళ్ళ మీద, ఇసక మీద, మోటారు గొట్టాల మీద అంతటా నాచు. దాని మధ్యలోంచి రెండు నారింజరంగు చేపలు తొంగి చూస్తున్నాయి. వెనకగాజు మీద ఒకే ఒక్క నత్త నాచు గీరుతోంది. అది కదిలిన దారి మాత్రం, చెమట పట్టిన మొహాన వేలితో తుడిచినట్టు, శుభ్రంగా ఉంది. చెన్నై అతను వేసినవాటిలో మిగిలింది అదొక్కటేనట.

కామేశ్వరరావు గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. పొట్టి మనిషి, ప్రతి మాటా పరిగెత్తిస్తారు.

"చూసేరా? నేను ఇంటర్నెట్టంతా చదివేనండీ. దీనికి పారిశుధ్య సిబ్బంది కావాలట. నత్తలు, శంఖాల్లో కాపురముండే పీతలు. చెన్నైలో ఇంకో కొట్టువాడు వంద నత్తలు, యాభై పీతలు పంపిస్తానన్నాడు."

"వందాండీ? పది రోజుల్లో నాచు అయిపోతుంది. పదకొండో రోజున అవి ఏం తింటాయండీ?"

ఆయన ఆగారు. పిల్లల డాక్టరు కదా, ఆకలి సంగతి వెంటనే అర్థమైంది. "మరి ఎన్నంటారు?"

చెరువులో ఎకరాకి పిల్ల ఎంత వదలాలో లెక్క కట్టిన బుర్ర. ఇష్టం లేకపోయినా పనిచేయడం మొదలుపెట్టింది. టేపు అడిగాను. తొట్టి కొలిచాను, రాళ్ళ ఎత్తు కొలిచాను, నీళ్ళలో లీటరుకి ఎన్ని గ్రాముల ఉప్పుందో చూశాను. ముప్పై అయిదు. ఆ నాచు పెరగడానికి కారణం కూడా అక్కడే కనిపించింది. హాల్లోకి వచ్చిన ప్రతి పిల్లవాడిచేతా ఇశ్రాయేలు మేత వేయిస్తున్నాడు.

"ఏడుపు మానేస్తారండీ, అందుకని," అన్నాడు తల గోక్కుంటూ.

"ఇకనుంచి రోజుకి ఒక్కసారే, ఒక చిటికెడు. డాక్టరు గారూ, ఇరవై నత్తలు చాలండీ. పీతలు ఆరు. తక్కువైతే తరవాత కలుపుకోవచ్చు. ఎక్కువైతే చావడమే."

చివరి మాట నా నోట్లోంచి వచ్చాక కౌంటరు వెనక సత్యశ్రీ తల తిప్పుకోవడం చూశాను.

"చెన్నై ఎందుకు, సముద్రం మన ఇంటి వెనకాలే ఉంది కదా," అంది అటు తిరిగే.

*

గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఒడ్డు కొట్టుకుపోకుండా వేసిన పెద్ద రాళ్ళున్నాయి. వేసవిలో నది సన్నగిల్లి అక్కడి నీళ్ళు బాగా ఉప్పెక్కుతాయి. పాటు వేళ నీరు లాగేస్తే రాళ్ళ అడుగులు బయటపడతాయి. సున్నపు బట్టీలకి గుల్లలు ఏరే రత్నం ఆ రాళ్ళ దగ్గరే దొరుకుతుందని ఊళ్ళో చెబితే, ఉదయం ఏడింటికి వెళ్ళాను. యాభై దాటిన మనిషి. మోకాళ్ళ పైకి కట్టిన చీర, నడుముకి వలసంచి.

"తినడానికాండీ, బట్టీకాండీ?" అంది.

"పెంచడానికి."

ఆవిడ నా మొహంలోకి చూసి, నేను వేళాకోళం ఆడటం లేదని తేల్చుకుని, పక్కనున్న రాయి మీద కూలబడి నవ్వింది. "రొయ్యలు పెంచేవోళ్ళు నత్తల్ని చంపుతారు గానీ పెంచడమేంటి బాబూ?"

ఆవిడ అన్నది నిజం. చెరువులో వేసిన సున్నాన్ని నత్తలు తినేస్తాయని వాటిని చంపడానికి మైలుతుత్తం కలిపి పోసేవాళ్ళం. బస్తాలకి బస్తాలు నత్తల్ని గట్టు మీదికి ఎత్తించి కుళ్ళబెట్టిన మనిషిని, ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ పిల్లనిచ్చేవాడిలా చూసుకుంటున్నాను.

నేను వేలితో చూపిస్తే రత్నం ఏరింది. మొదటి పది నిమిషాల్లో నేను చూపించినవాటిలో సగం అవతల పారేసింది.

"ఇది వద్దు. ఇది పక్కోడి గుల్లకి బెజ్జం పెట్టి తినేసే రకం. మూతి కింద ఈ గాడి చూడండి. ఇలాంటి గాడి ఉన్నదాన్ని నమ్మకండి. ఇది నీళ్ళకి పైన ఉండే రకం, మీ గాజుపెట్టి ఎక్కి కిందకి దిగిపోద్ది. ఇదీ, ఇదీ మంచిది. రాయిని నాకుతుంది."

బొంగరంలా ఉన్నవి పన్నెండు తీశాం, గాజు మీదికీ రాళ్ళ మీదికీ. మేకులా సన్నగా పొడుగ్గా ఉన్నవి ఐదు, రాళ్ళ సందుల్లోకి. ఇసకలో కూరుకుపోయి మేత వాసనకి పైకి లేచేవి మూడు, అడుగున కుళ్ళే మేత కోసం. ప్రతిదాన్నీ రత్నం చదునైన రాయి మీద వెల్లకిలా పడేసి చూసింది. కాసేపట్లో తనంతట తాను తిరగబడితే సంచిలో వేసింది. తిరగబడలేనిదాన్ని నీళ్ళలోకి విసిరేసింది.

"అదేంటి రత్నం గారూ, చూడ్డానికి బానే ఉంది కదా?"

"చూడ్డానికి మీరూ బానే ఉన్నారు," అంది. "గాజుపెట్టిలో బోర్లా పడితే ఎవరు లేపుతారండీ? ఇక్కడంటే కెరటం లేపుద్ది."

పీతల దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఇంకా గట్టిది. ఒక డెక్క పెద్దదిగా ఉన్నదాన్ని ముట్టుకోనివ్వలేదు. "ఇది రౌడీ. నత్తని లాగేసి ఇల్లు కబ్జా చేసేస్తుంది." రెండు డెక్కలూ సమానంగా ఉన్న చిన్నవి ఆరు ఏరింది. నాలుగైదు ఖాళీ గుల్లలు కూడా వేసింది. "పెరిగితే మారడానికి. కాపురమన్నాక మారొద్దాండీ?"

తిరిగివస్తుంటే నాకు మళ్ళీ ఏడేళ్ళ వయసు వచ్చినట్టు అనిపించింది. తడిపిన గోనెసంచిని మాత్రం బండి హ్యాండిలుకి తగిలించాను, చేత్తో పట్టుకోలేదు.

*

ఒడ్డు దగ్గర నీళ్ళలో ఉప్పు ముప్పై ఒకటి ఉంది. తొట్టిలో ముప్పై అయిదు. ఒక్కసారిగా వేస్తే నత్త తట్టుకోలేదు. బకెట్టులో పెట్టి, సన్నగొట్టంతో తొట్టినీళ్ళు చుక్కలు చుక్కలుగా కలుపుతూ రెండు గంటలు అలవాటు చెయ్యాలి. రొయ్యపిల్లకి చేసే పనే ఇది.

సత్యశ్రీ ఇంట్లోంచి బకెట్టు తీసుకొస్తానంది. వద్దన్నాను. మా పనిలో అందరికీ ఉన్న పట్టింపు అది. బట్టలు తడిపే బకెట్టు పిల్లకి పనికిరాదు, సబ్బు వాసన తగిలినా పిల్ల పోతుంది. ప్రతి చెరువు షెడ్డులోనూ సబ్బు తగలని బకెట్టు ఒకటి ఉంటుంది. దాన్ని ఆడవాళ్ళని కూడా ముట్టుకోనివ్వం, పొరపాటున కడుగుతారని. రెండేళ్ళుగా తాళం వేసున్న షెడ్డు తీసి, నా నీలం బకెట్టు దులిపి, ఒకసారి నీళ్ళతో తొలిచి తెచ్చాను.

"మరీ అంత పట్టింపా?" అంది సత్యశ్రీ.

"ఈసారి ఏ పొరపాటూ జరక్కూడదు."

రెండు గంటలయ్యాక ఆమె గాజులు పైకి తోసుకుని, ఒక్కొక్క నత్తనీ తీసి రాళ్ళ మీద అమర్చింది. నేను గోడకి ఆనుకుని, ఎక్కడ ఏది పెట్టాలో చెప్పాను. ఇశ్రాయేలు ఒకటీ రెండూ అంటూ పైకి లెక్కపెట్టాడు. డాక్టరు గారు ఒక తల్లిని, బిడ్డని గదిలోనే వదిలేసి వచ్చి చూశారు.

"నీ చెయ్యి మంచిదమ్మా," అన్నారు సత్యశ్రీతో.

ఆయనకి మా సంగతి తెలియదు. ఆమె నా వైపు చూడలేదు. నవ్వి, చెయ్యి తుడుచుకుంది.

*

రెండో రోజు మధ్యాహ్నానికి పద్నాలుగు చచ్చిపోయాయి. మూడో రోజు ఉదయానికి మిగతావీ, పీతలు ఆరూ. ఇశ్రాయేలు వల పెట్టి ఒక్కొక్కదాన్నీ తీస్తున్నాడు, ఈసారి లెక్క పైకి చెప్పకుండా. చేపలు హాయిగా తిరుగుతున్నాయి. వెనకగాజు మీద పాత నత్త నాచు గీరుతూనే ఉంది.

"అది బతికే ఉందిగా," అన్నాను. "అంటే నీళ్ళలో లోపం లేదు."

సత్యశ్రీ చాలాసేపు దాన్నే చూసింది. "దాన్ని నేను వెయ్యలేదుగా," అంది.

అంత నెమ్మదిగా అన్నదంటే, ఆ మాటని అప్పటికే చాలాసార్లు లోపల అనుకుని ఉంటుంది. ఈ వాదన నాదే. రెండేళ్ళుగా నేను ఇంట్లో వండిపెట్టింది ఆమె తిన్నది.

డాక్టరు గారు తప్పు పట్టలేదు. "జూన్ దాకా టైముంది లెండి," అన్నారు. కానీ మర్నాడు హాల్లో ఒక కుర్రమెకానిక్కు టీవీ కోసం గోడ కొలుస్తున్నాడు.

ఆ వారంలో ఒక రోజు ఆమెని తీసుకురావడానికి వెళ్ళి బయట నిలబడ్డాను. ఒక తల్లి చంకలో బిడ్డతో మందుల కోసం చెయ్యి చాపింది. సత్యశ్రీ సీసా ఆమె చేతిలో పెట్టలేదు. కౌంటరు బల్ల మీద పెట్టి, రెండువేళ్ళతో ముందుకి జరిపింది. తరవాతి ముసలాయనకీ అంతే. ఆ తరవాత వచ్చిన అమ్మాయికీ అంతే. ఏడేళ్ళ పిల్ల ఒకతె నమస్కారం పెట్టి ఎప్పటిలా షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే, చీర కొంగు సర్దుకునే నెపంతో చెయ్యి వెనక్కి తీసుకుంది.

బయట ఎండలో నిలబడి నన్ను నేను చూసుకున్నట్టయింది. నా మొహం మీద ఇన్నాళ్ళూ ఏముందో ఆమె మొహం మీద కనబడింది. అది నా మీద ఉన్నప్పుడు దుఃఖమనుకున్నాను. ఆమె మీద చూసేసరికి ఒట్టి అన్యాయంగా కనిపించింది. ఎవరో వచ్చి నా భార్యని అబద్ధపు కేసులో ఇరికించినట్టు ఒళ్ళు మండింది.

ఆమె చెయ్యి కాదని నేను రుజువు చెయ్యాలి. ఓదార్చడం నావల్ల కాదు. రుజువు నావల్ల అవుతుంది.

*

కాగితం తీసుకుని రాశాను. ఉప్పు: రెండువైపులా చూశాను, సరిపోయింది. వేడి: సరిపోయింది. తొట్టినీళ్ళు: పాత నత్త బతికుంది, సరిపోయాయి. నత్తలు: రత్నం పరీక్షించి ఇచ్చినవి. దారిలో: తడిగోనెలో గంటసేపు, అంతకన్నా ఎక్కువసేపు రాళ్ళ మీద ఎండలో ఉంటాయవి. ప్రతిదాని పక్కనా గీత పెట్టుకుంటూ వచ్చాను. చివరికి మిగిలినవి రెండు. సత్యశ్రీ చెయ్యి, నా బకెట్టు.

రెండోది రాయడానికి పెన్ను కదల్లేదు. ఆ బకెట్టు నా గర్వం. ఇరవయ్యేళ్ళలో నేను శుభ్రంగా ఉంచిన వస్తువు అదొక్కటే అనుకునేవాణ్ణి.

ఆదివారం పాటుకి రత్నం దగ్గరికి మళ్ళీ వెళ్ళి పది నత్తలు తెచ్చాను. "మొన్నటివి ఏం చేసేరు బాబూ, కూరొండేరా?" అంది. సంగతి చెబితే నవ్వు ఆపేసి, పదింటినీ రెండుసార్లు తిరగేసి చూసి ఇచ్చింది. ఆసుపత్రి తొట్టిలోంచి రెండు క్యాన్ల నీళ్ళు తెచ్చుకుని, మంచినీళ్ళు కలిపి ఉప్పు ముప్పై ఒకటికి దించాను. షెడ్డులో సగం నీళ్ళు బకెట్టులో, సగం ఊరగాయ పెట్టే గాజు జాడీలో పోశాను. ఐదు ఇందులో, ఐదు అందులో. పదింటినీ నా చేత్తోనే వేశాను. వేశాక గాని ఆ సంగతి గుర్తు రాలేదు.

సోమవారం తెల్లారి వెళ్ళేసరికి జాడీలో ఐదూ గాజుకి అతుక్కుని ఉన్నాయి, ఒకటి మూత అంచుదాకా ఎక్కేసింది. బకెట్టులో ఐదూ అడుగున పడి ఉన్నాయి, ఒళ్ళు గుల్లల్లోంచి బయటికి వేలాడుతూ.

నీళ్ళు పారబోసి బకెట్టుని ఎండలో బోర్లించాను. ఆరాక చూశాను. లోపల అడుగుకీ గోడకీ మధ్య ఉన్న సందులో చుట్టూరా సన్నటి పెచ్చు కట్టి ఉంది. బకెట్టు నీలం, పెచ్చూ నీలం. గోరుతో గీకితే పొడిలా రాలింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆఖరి పంటకి ముందు నత్తలకి మైలుతుత్తం కలిపింది ఈ బకెట్టులోనే. ఆ రోజు వేరేది దొరక్క, ఒక్కసారికే కదా అనుకున్నాను. సబ్బు తగలనివ్వలేదు, పీచుతో తోమనూ లేదు. నత్తల్ని చంపడానికి కలిపిన విషంలో నత్తల్ని రెండు గంటలు నానబెట్టి, ఏ పొరపాటూ జరక్కూడదని చెప్పాను.

గట్టు మీద కూర్చున్నాను. సిగ్గుపడాలి. సిగ్గుపడ్డాను కూడా. కానీ దానికింద ఇంకేదో కదిలింది, దాన్ని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. తేలిక. రెండేళ్ళలో మొదటిసారి ఒక చావుకి నా దగ్గర కారణం ఉంది. దాన్ని గోటితో గీకి చూపించగలను.

*

మధ్యాహ్నం రెండింటికి హాల్లో ఎవరూ లేరు. ఇశ్రాయేలు బల్ల మీద తలవాల్చి కునుకు తీస్తున్నాడు. కాగితంలో మడిచిన నీలంపొడి సత్యశ్రీ ముందు కౌంటరు మీద పెట్టాను.

"ఏంటిది?"

చెప్పాను. పది నత్తలు, జాడీ, బకెట్టు, పెచ్చు, అన్నీ వరసగా. ఆమె మధ్యలో అడ్డుపడకుండా విన్నది. అయిపోయాక కాగితాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"నేను ఇంట్లోంచి బకెట్టు తెస్తానన్నాను," అంది.

"అన్నావు."

"సబ్బు, సబ్బు అని గోల పెట్టేరు."

"పెట్టేను."

"నాలుగు రోజుల్నుంచి నాకు నిద్ర లేదు, తెలుసాండీ? పసిపిల్లల మందులు ఇచ్చే చెయ్యి ఇది. మానేస్తానని డాక్టరు గారికి చెబుదామనుకున్నాను ఇవాళ." గొంతు పైకి లేచింది. ఇశ్రాయేలు తలెత్తి, చూసి, తెలివైనవాడు, మళ్ళీ తలవాల్చేశాడు. "బకెట్టు కడుక్కోవడం రాని మనిషి కోసం!"

నా పెళ్ళిలో కూడా అంత సంతోషపడలేదు. ఆమె నన్ను తిడుతోంది. తనని కాదు.

తిట్టడం అయ్యాక కుర్చీలో కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది. పాత నత్త గాజు మీద ఇంకో బెత్తెడు శుభ్రం చేసింది.

"మరి మన చెరువులప్పుడు?" అంది.

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలియదు. "అప్పుడూ ఏదో ఉండే ఉంటుంది. ఏదో గట్టుకి, తెగులు మోసుకొచ్చే పీతల్ని ఆపే వల చిరిగి ఉంటుంది. పిల్లని పరీక్ష చేయించకుండా తెచ్చుంటాను. నేను వెతకలేదు."

"ఎందుకు వెతకలేదు?"

"చెయ్యి ఉందిగా. చేతిని అనేసుకుంటే ఇంక వెతకక్కర్లేదు."

నేను నా అరచేతుల్లోకి చూసుకున్నాను. పదిహేనేళ్ళు, ఊళ్ళో బతికిన పిల్లంతా నా చేతి గొప్పేనని లోపల ఒప్పేసుకున్నాను. ఆ పొగడ్త తీసుకున్నవాణ్ణి కాబట్టి చచ్చినవీ నా పేరునే జమయ్యాయి. మొదటిది అబద్ధమైతే రెండోదీ అబద్ధమే. రెండోది వదులుకోవాలంటే మొదటిది వదులుకోవాలి. ఇన్నాళ్ళూ నేను వదల్లేకపోయింది ఏదో అప్పుడు తెలిసింది.

ఒక ఆవిడ బిడ్డనెత్తుకుని లోపలికి వచ్చింది. సత్యశ్రీ లేచి, చీటీ చూసి, సీసా తీసి, మూత బిగించి, ఆవిడ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "పొద్దున్నా సాయంత్రం, అరచెంచా, అన్నం తిన్నాకానండి," అంది. నేను అటు చూస్తున్నానని తెలిసి, "మీరు వెళ్ళి డాక్టరు గారికి చెప్పండి," అంది కసురుతున్నట్టు.

డాక్టరు గారు పొడిని లైటు కింద పెట్టి చూశారు. "పదహారేళ్ళ ప్రాక్టీసులో తన పొరపాటు తనే కాగితంలో కట్టి తెచ్చిచ్చిన కాంపౌండరు లేడండీ," అన్నారు. "టీవీ అతనికి జూన్ ఆఖరు అని చెబుతాను."

*

రెండోసారి రత్నంతో ఉదయమంతా గడిపాను. ఈసారి నేనూ మోకాళ్ళ లోతు దిగాను. గాడి మూతులు నేనే చూసుకున్నాను, వెల్లకిలా పడేసి చూడడం నేనే చేశాను. తిరగబడడానికి ఎక్కువసేపు తీసుకున్నదాన్ని చూసి జాలిపడి సంచిలో వేయబోతే ఆవిడ మణికట్టు మీద కొట్టింది. ఇరవై, ఆరు. తొట్టిలో మోతాదు మార్చలేదు. మార్చడానికి కారణం లేదు. ఇశ్రాయేలు తన సొంత డబ్బుతో తెల్లబకెట్టు కొనుక్కొచ్చాడు. "మరక ఉంటే నాకూ కనబడాలండీ," అన్నాడు. దాన్ని ముగ్గురం మూడుసార్లు మంచినీళ్ళతో తోమాం.

తొట్టిలో వేసేటప్పుడు సత్యశ్రీ పది వేసి, నా వైపు తిరిగి, జరిగి చోటిచ్చింది. మిగతావి నేను వేశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

మొదటి వారం వెనకగాజు కనబడింది. రెండో వారానికి రాళ్ళ అంచులు. మే చివరికి ఒక ఊదారంగు పగడం విచ్చుకుంటే, హాల్లో జ్వరంతో ఏడుస్తున్న పిల్లవాడు ఏడుపు మధ్యలో ఆపి దానికేసి చూశాడు. డాక్టరు గారు గోడ మీద టీవీ కోసం గీసిన పెన్సిలు గుర్తుల్ని ఇశ్రాయేలు చేత తుడిపించారు. అప్పటికి నేను రోజూ ఉదయం నీళ్ళు చూడడానికి వెళ్తున్నాను. రాజోలులో ఒక దంతవైద్యుడు తనకీ ఒకటి పెట్టమని అడిగాడు. ఒప్పుకోలేదు, కాదనలేదు, కొలతలు తీసుకుని వచ్చాను.

జూన్ మొదటివారంలో ఒక రోజు పది గంటలకి, ఇంట్లో ఉండగా ఫోను వచ్చింది.

"ఏవండీ," అంది సత్యశ్రీ. "ఒకటి చచ్చిపోయిందండీ."

గోడకి చెయ్యి ఆనించాను. అలవాటు అంత తొందరగా పోదు. దాన్ని వేసింది తనేనని అంటుందేమోనని ఎదురుచూశాను.

"బొంగరం రకం. గుల్ల లేదు, ఒళ్ళొక్కటే ఇసకలో పడుంది. గుల్ల ఏమైందా అని వెతికేను. మూలనున్న పీత దూరి కూచుంది దాంట్లో, దర్జాగా. మనం వేసిన ఖాళీ గుల్లలు దానికి చాలలేదండీ, మూతులు ఇరుకు. ఒక్కొక్కటీ తీసి దాని పక్కన పెట్టి చూసేను. ఇంకో వేలెడు వెడల్పువి కావాలి. మిగతా పీతలు కూడా పెరిగేయి, అవీ వెతుక్కుంటాయి ఇవాళో రేపో."

"చెయ్యి పెట్టి తీసేవా?"

"పెట్టకుండా ఎలా తీస్తారు? పాటు ఎన్నింటికివాళ?"

పాటు వేళలు రాసి పెట్టుకున్న క్యాలెండరు దగ్గరికి నడిచాను. "పదకొండున్నరకి."

"అయితే ఇంకా ఫోనులో ఏం చేస్తున్నారు?" అంది.